గడ్డి దుడ్డె

నా నౌకరి ఏందని చుట్టాలు అడిగితే కంప్యూటర్ పని అని చెప్త. అంతకంటే లోతుగ అడిగితే నాకూ కష్టమే. మనిషికి, కంప్యూటర్‌కు నడుమ మాట ఎట్ల జరగాలె అని ఆలోచించే పని అది. బటన్ ఎక్కడుండాలె, నొక్కితే ఏం కావాలె, నొక్కకుండనే పనయ్యే ఉపాయం ఉన్నదా. శాలిబండల మా గల్లీ చాయ్ హోటల్ భాయ్‌కు ఇదంత ఒకసారి ఇరవై నిమిషాలు వివరించిన. ఆయన ఓపికగ విని, "అంటే ప్రింటర్ బాగుచేస్తవా భాయ్?" అన్నడు. లేదన్న. ఆయన ముఖంల జాలి కనబడ్డది. ఆ రోజు చాయ్‌ల మలాయి కొంచెం ఎక్కువే వేసిండు.

రెండేండ్ల కింద నేను ఈ కంపెనీల చేరినప్పుడు మా టీముకు ఒక కొత్త పని వచ్చింది. ముసలివాళ్ళ కోసం, దవాఖానలల్ల ఒంటరిగ పండుకునేవాళ్ళ కోసం ఒక యంత్రం చెయ్యాలె. తెర ఉండొద్దు, బటన్లు ఉండొద్దు. మందు వేళ గుర్తు చెయ్యాలె, అవసరమైతే నర్సును పిలవాలె, కాని చూస్తే కంప్యూటర్ అనిపించొద్దు. మా టీముకు పెద్ద ఒక గోదావరి వైపు ఆమె. మేం మేడమ్ అంటం. మెత్తగ మాట్లాడుతది, మెత్తగనే ప్రాణం తీస్తది.

"జనం స్క్రీన్లు చూసి చూసి అలసిపోయారండీ. మనం ప్రకృతిని అడుగుదాం. చెట్టు మనతో ఎలా మాట్లాడుతుంది? నీళ్ళు ఎలా మాట్లాడతాయి? రేపంతా బయట తిరిగి రండి" అన్నది.

తిరిగినం. ఒక రోజంత పార్కుల చెట్ల ముందు కూసున్నం. చెట్లు మాకేం చెప్పలేదు. ఒక కుక్క చెప్పింది, మేం లేచి వేరే బెంచీకి పోయినం. మరునాడు ఒకడు అత్తిపత్తి ఆకు తెచ్చి, ముట్టుకుంటే ముడుచుకునే లైటు చేద్దామన్నడు. ఒకామె నీళ్ళ మీద అలల వీడియో తెచ్చింది. నేను ఉత్త చేతులతోని పోయిన. ఒక జోక్ చెప్పిన, అందరు నవ్వినరు, మేడమ్ కూడ నవ్వింది, నవ్వుకుంటనే "మీది శుక్రవారానికి చూద్దాం" అన్నది. నా నౌకరి అప్పటికి పర్మనెంట్ కాలేదు. నవ్వించుడు నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. భయమైతే ఇంకా ఎక్కువైతది.

మా చిన్నాయనకు పాతబస్తీ జహనుమాల బర్ల కొట్టం ఉన్నది. ఏడు బర్లు. మా తాత కాలం నుంచి అదే పని. మా బాపు అందులకెల్లి బయటపడి సర్కారీ నౌకరి చేసుకున్నడు, చిన్నాయన పడలేదు, పడాలని కూడ అనుకోలేదు. ఆయన బర్లతోని తెలుగుల మాట్లాడుతడు, గిరాకీలతోని ఉర్దూల మాట్లాడుతడు, మనుషులతోని పెద్దగ మాట్లాడడు. హర్యానా నుంచి తెప్పించిన ఒక్క బర్రెకు మాత్రం హిందీ. "సరక్, సరక్" అంటే జరుగుతది. జరుగు అంటే వినబడనట్టే నిలబడుతది. "చదువుకున్నది" అంటడు చిన్నాయన, నా దిక్కు చూసి.

నేను ఆయనకు 'ఒరే'. మా ఖాందాన్ల నన్ను ఇంక గట్ల పిలిచేది ఆయనొక్కడే. మిగిలినోళ్ళు నా చదువు అయిపోయినంక పేరు పెట్టి పిలువుడు మొదలుపెట్టినరు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినప్పుడల్ల ఆ కొట్టంలనే దాక్కునేది. ఆయన బాపుకు చెప్పేటోడు కాదు. "ఒరే, ఉత్తగ కూసోకు, తలుగు పట్టుకో" అని బర్రె తాడు చేతికిచ్చేటోడు, అంతే.

ఆ శుక్రవారం ముందటి పొద్దున నేను కొట్టానికి పోయిన. చిన్నమ్మ చాయ్ ఇచ్చింది. నల్ల చాయ్. ఏడు బర్లున్న ఇంట్ల పాలు లేని చాయ్.

"పాలేమైనయి చిన్నమ్మా?"

"తాగు తాగు. పదకొండు రోజులు గింతే" అన్నది, ఇంకేం చెప్పకుండ.

కొట్టంలకు పోతే సంగతి తెలిసింది. హర్యానా బర్రె ఈనిన వారానికే దాని దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె వచ్చి మూతితోని పొదుగును నాలుగుసార్లు కుమ్మితేనే బర్రె పాలు వదుల్తది. దాన్ని చేపుడంటరు. దుడ్డె లేకపోతే పాలన్ని పైకి బిగబట్టుకుంటది, పొదుగు రాయి అయితది, మనిషి ఎంత పిండినా రాదు. అందుకే చిన్నాయన చచ్చిన దుడ్డె తోలుల గడ్డి కూరి, కుట్టి, నాలుగు కట్టె పుల్లలు కాళ్ళుగ పెట్టి బర్రె ముందట నిలబెట్టిండు. దాని వీపు మీద ఉప్పు నీళ్ళు చల్లిండు. బర్రె దాన్ని నాకుతున్నది. నాక్కుంట నాక్కుంట చేపింది. చిన్నాయన పిండుతున్నడు.

పిండేముందు ఆయన లేచి బర్రె నొసలు మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగిండు. దండం పెట్టినట్టు లేదు, క్షమాపణ అడిగినట్టున్నది. తరువాత నాకు ఇంటి పద్ధతి చెప్పిండు. అది పెట్టి పిండిన పాలు ఇంట్ల తాగం. అది పెట్టినన్ని రోజులు వేరే బర్రె పాలు కూడ ఇంట్ల తాగం. పదకొండు రోజుల కంటే ఎక్కువ పెట్టం. ఆలోపల బర్రెను చేతికి అలవాటు చెయ్యాలె. కాకపోతే ఆ ఈతకు పాలు పోయినట్టే అనుకోవాలె. పన్నెండో రోజు దాన్ని బొంద పెట్టాలె, పారెయ్యొద్దు. దానికి పేరు కూడ లేదు. 'అది' అంటడు. పని కాంగనే గోనె సంచి కప్పుతడు.

"దానికి ఎరుకనా చిన్నాయనా, గది గడ్డి అని?"

"మొదటి రోజు ఎరుకలేదు. మూడోనాటికి ఎరుకైతది. వాసన పోతది గద."

"మరెందుకు చేపుతది?"

"నన్నడుగుతవేంది? దాన్నడుగు. హిందీల అడుగు." తల ఎత్తకుండ అన్నడు, "దాని కడుపుమంట దానిది రా. మోసం చేస్తున్నమని మనకు ఎరుకుండాలె. అది మర్చిపోయినోడు బర్లను కాయొద్దు."

ఆ మాట అప్పుడు నాకు సగమే వినబడ్డది. మిగిలిన సగం చెవిల మేడమ్ గొంతు ఉన్నది. తెర లేదు, బటన్ లేదు, బరువున్నది, వెచ్చదనమున్నది, వాసనున్నది. నా ముందట నిలబడ్డది నేను వెతుకుతున్నదే. ఫోన్ బయటికి తీసిన.

"ఫోటో గిట్ల తియ్యకు" అన్నడు చిన్నాయన. "గిది చూపెట్టుకునేది కాదు."

"తియ్యనులే చిన్నాయనా" అన్న.

ఆయన బకెట్ పట్టుకొని ఇంట్లకు పోయి వచ్చేలోపల మూడు తీసిన. ఒకటి కదిలింది. రెండు మంచిగ వచ్చినయి.

యంత్రం తయారయ్యేసరికి అయిదు నెలలు పట్టింది. ఒళ్ళో పెట్టుకునే మెత్తటి ముద్ద. రెండు కిలోల బరువు, మీద నున్నటి బొచ్చు బట్ట, లోపల వెచ్చదనం. కడుపు ఊపిరి తీసినట్టు లేచి పడుతది. మందు వేళ అయితే ఊపిరి జోరైతది, మందు డబ్బా మూత తీసినంక నిమ్మళమైతది. రెండుసార్లు గట్టిగ నిమిరితే నర్సుకు కబురు పోతది. మేడమ్ మొదటిసారి ఒళ్ళో పెట్టుకొని పది నిమిషాలు కింద పెట్టలేదు. ఆమె కండ్లు తడైనయి. మెత్తటి మనుషులకు కూడ కండ్లు తడైతయని నాకు అప్పుడు తెలిసింది.

"ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ మీకు?"

"మా ఇంట్ల నుంచి మేడమ్. మా చిన్నాయన బర్లు కాస్తడు."

"అయితే క్లయింట్లు వచ్చే రోజు ఆయన్ని తీసుకురండి. పశువులతో ఎలా మాట్లాడతారో ఆయన నోటితోనే చెప్పాలి."

కొట్టానికి పోయి అడిగిన.

"మీ ఆఫీసుల బర్లున్నయా?" అన్నడు చిన్నాయన.

"మస్తున్నయి. పాలియ్యవు."

నవ్విండు. ఆయన్ను నవ్వించుడు కష్టం, అందుకే నాకు గుర్తున్నది. "నేనొస్తె నీ నౌకరి పక్కా అయితదా?"

"అయితది చిన్నాయనా. నువ్వు బర్లను పిలిచే తీరు చెప్తే చాలు. వేరే ఏం లేదు."

"గంతేనా? వస్త తీ."

క్లయింట్లు వచ్చే రోజు సాయంత్రం పాలు పిండుడు చిన్నమ్మకు అప్పజెప్పి వచ్చిండు. తెల్ల అంగి, ఇస్త్రీ చేసింది. భుజం మీద ఎర్ర గళ్ళ రుమాలు, చేతిల స్టీలు క్యాను. గేటు కాడ సెక్యూరిటీవాళ్ళకు పాలను రిజిస్టర్ల ఏ ఖానాల రాసుకోవాలెనో తెల్వలేదు. చివరికి 'ఇతర పరికరాలు' కింద రాసుకున్నరు. లిఫ్టుల చిన్నాయన నా చెవిల చెప్పిండు, "మీ మేడమ్‌కు. ఇంట్ల తాగే పాలే తెచ్చిన." ఆ మాట ఎందుకు చెప్తున్నడో నాకు అర్థమయ్యింది. ఈ ఆఫీసుల ఇంకెవ్వరికి అర్థం కాదని కూడ అర్థమయ్యింది.

పన్నెండు మంది కూసున్నరు. చిన్నాయన నిలబడి చెప్పిండు, నేను ఇంగ్లీషుల చెప్పిన. నాలుకతోని టక్కుమనిపిస్తే దగ్గరికొస్తది, పెదవులతోని ఈల లెక్క ఊదితే నీళ్ళు తాగుతది, తొడ మీద చరిస్తే పక్కకు జరుగుతది. అందరితోని చేయించిండు. మేడమ్ నాలుక టక్కుమనిపించబోతే, "గట్ల కాదమ్మా, గట్ల పిలిస్తే కుక్కొస్తది" అన్నడు. గదంత నవ్వింది. మంచి నవ్వు అది. ఆయన మీద కాదు, ఆయనతోని.

అక్కడితోని ఆగిపోతే అయిపోయేది. కాని ఆ నవ్వు నాది కాదు. గంటసేపు నేను పక్కన నిలబడి వేరేవాళ్ళ జోకులను తర్జుమా చేసిన. నా జోకుకు నవ్వినోడు ఒక్కడు లేడు.

గోడ మీద చూపెట్టే స్లైడ్లల్ల ఒక ఫోటో కలిపి పెట్టిన నేను. ముందటి రోజు దాక లేదు. ఆ పొద్దున బస్సుల కూసోని, ఉంటే మంచిగుంటదని కలిపిన. వేసిన. గోడంత గడ్డి దుడ్డె. కుట్లు కనబడుతున్నయి, కట్టె కాళ్ళు కనబడుతున్నయి, దాన్ని నాకుతున్న బర్రె నాలుక కనబడుతున్నది. నేను ఇంగ్లీషుల అన్న మాటను తెలుగుల పెడితే గిట్లుంటది: "టచ్‌స్క్రీన్ కంటే చాన ముందుది ఇది. యూజర్ నుంచి ఇప్పటిదాక ఒక్క కంప్లయింట్ లేదు. రోజుకు ఆరు లీటర్లు మాత్రం వస్తున్నయి."

ఒకాయన బల్ల మీద కొట్టి మరీ నవ్విండు. నా జీవితంల అంత పెద్ద నవ్వు నేను ఎప్పుడూ తెప్పియ్యలేదు.

చిన్నాయనకు ఇంగ్లీషు రాదు. రావాల్సిన పని లేకుండె. గోడ దిక్కు చూసిండు, నవ్వుతున్నోళ్ళ దిక్కు చూసిండు, నా దిక్కు చూడలేదు.

మేడమ్ మంచి మనసుతోనే అడిగింది. "ఇది మీరే చేశారా అండీ? ఎంత బాగా చేశారో."

"లేదమ్మా" అన్నడు చిన్నాయన. "మా దాంట్ల గసొంటియి చెయ్యం. అది ఎవలదో."

ఫోటోల ఒక మూలకు గుంజ మీద ఎర్ర గళ్ళ రుమాలు ఆరేసి ఉన్నది. అదే రుమాలు ఆయన భుజం మీద ఉన్నది. నాకంటే ముందు అత్తిపత్తి ఆకు తెచ్చినవాడు చూసిండు, వేలు పెట్టి చూపెట్టిండు. అప్పుడన్న నేను ఏదో ఒకటి అనొచ్చు. ఫోటో నెట్ల దొరికిందనొచ్చు. అటువంటి రుమాళ్ళు పాతబస్తీల ప్రతి భుజం మీద ఉంటయనొచ్చు, అది అబద్ధం కూడ కాదు. నేనేమన్ననంటే, "మా చిన్నాయనకు జర సిగ్గెక్కువ" అన్న. తెలుగుల ఒకసారి, ఇంగ్లీషుల ఒకసారి. రెండుసార్లు నవ్వినరు.

చిన్నాయన భుజం మీది రుమాలు తీసిండు. నాలుగు మడతలు పెట్టిండు. ప్యాంటు జేబుల పెట్టుకున్నడు. జేబు ఉబ్బింది. అట్లనే నిలబడ్డడు, మీటింగ్ అయిపోయేదాక.

కిందికి వచ్చినంక అడిగిండు, "నౌకరి పక్కా అయినట్టేనా?"

"అయినట్టే చిన్నాయనా. క్యాబ్ పిలుస్త, ఆగు."

"వద్దు సార్. నేను బస్సుల పోత."

సార్ అంటే జోక్ అనుకున్న ఒక్క నిమిషం. మా ఇంట్ల జోకులు వేసేది నేనొక్కణ్ణే అని బస్సు పోయినంక గుర్తుకొచ్చింది.

నెలకు పర్మనెంట్ అయిన. మిఠాయి డబ్బా పట్టుకొని కొట్టానికి పోయిన. ఎప్పుడు పోయినా గడ్డి మోపు మీద కూసునేటోణ్ణి. ఆ రోజు చిన్నాయన నన్ను చూసి లోపలికి కేకేసిండు: "సార్ వచ్చిండు, కుర్సీ ఎయ్యిండ్రి."

కుర్సీ వచ్చింది. ప్లాస్టిక్ కుర్సీ, కడిగి తుడిచి వేసినరు. కూసున్న. మా ఖాందాన్ల నాకు ఇంత మర్యాద ఎప్పుడూ దొరకలేదు.

చిన్నమ్మ గేటు దాక వచ్చి అడిగింది, "ఏం చేసినవ్ రా ఆయనకు? అడిగితే నోరిప్పడు. నీ పేరు తీస్తే బర్లకు నీళ్ళు పెట్టాలంటడు."

"ఏం చెయ్యలేదు చిన్నమ్మా" అన్న. ఏం చేసిననో చెప్పాలంటే 'అది' గురించి చెప్పాలె, పన్నెండు మంది గురించి చెప్పాలె, ఆ రెండోసారి నవ్వు గురించి చెప్పాలె.

తరువాత నాలుగు నెలలు ప్రతి ఆదివారం పోయిన. మాఫీ అడగాలని ఇంటికాడ మాటలు తయారు చేసుకునేటోణ్ణి. ఒకసారి మొదలుపెట్టిన కూడ. "చిన్నాయనా, ఆ రోజు ఆఫీసుల నా తలకాయల గడ్డి ఉండె..." అన్న. అంటుంటెనే తెలిసింది, ఇది కూడ జోకే అయిందని. చిన్నాయన బర్రె వీపు రుద్దుడు ఆపలేదు. "మీరు పెద్ద నౌకరి చేసేటోళ్ళు సార్. వంద మాటలు అంటరు" అన్నడు. అందుల కోపం లేదు. కోపముంటే పట్టుకోనీకి ఒక కొన దొరికేది.

ఆఫీసుల ఫోటో తీసేసిన. నా దాంట్ల తీసేసిన. అప్పటికే అది అందరి కంప్యూటర్లల్లకు పోయింది. ఒకరోజు పొద్దున మా టీముకు కొత్త చాయ్ కప్పులు వచ్చినయి, వాటి మీద గడ్డి దుడ్డె బొమ్మ. రుమాలు కూడ వేసినరు, ఎర్రగ. ఎవరో నాకు ప్రేమతోని రెండు ఇచ్చినరు.

నాలుగో నెలల ఒక ఆదివారం, హర్యానా బర్రెను కడుగుతున్నడు చిన్నాయన. నేను కుర్సీల కూసున్న. నా దిక్కు చూడకుండనే అడిగిండు.

"మీ ఆఫీసుల చూపెట్టిన ఆ మెత్త తయారైందా? ముసలోళ్ళకు ఇస్తరన్నరు గద."

"అయింది. వచ్చే నెల దవాఖానలకు పోతది."

"ఊపిరి తీస్తదన్నరు."

"తీస్తది."

"మరి వాళ్ళకు చెప్తరా? దాంట్ల పానం లేదు, ఉత్త మిషినే అని?"

నాకు తెలిసిన జవాబు ఒకటే: ఆ మాట మా ఆఫీసుల ఇప్పటిదాక ఎవ్వరు అడగలేదు. నేను కూడ అడగలేదు.

"చెప్తం చిన్నాయనా" అన్న.

"ముందుగాలనే?"

"ముందుగాలనే. రాసి ఇస్తం."

రుద్దే చెయ్యి ఆగింది. ఈసారి నా దిక్కు చూసిండు. చాన రోజుల తరువాత చూసిండు కాబట్టి, ముఖంల ఏం మారిందో అని వెతికినట్టు చూసిండు.

"గట్లయితే నడుస్తది రా" అన్నడు. "చెప్పి చేస్తే వేరే సంగతి. నేను ఫికర్ పడ్డ, నా కాడ చూసి నేర్చుకున్నవ్ గదా అని. ఒరే, ఉత్తగ కూసున్నవేంది, ఆ బకెట్ అందుకో."

లేచి బకెట్ అందిచ్చిన. తొందరల నీళ్ళు ప్యాంటు మీద పడ్డయి, చిన్నాయన నవ్విండు. నాలుగు నెలలు ఆ ఒక్క మాట కోసం తిరిగిన నేను. ఇట్ల దొరుకుతదని ముందే తెలిస్తే మొదటి వారమే అబద్ధం చెప్పేటోణ్ణి.

సోమవారం మేడమ్‌ను అడిగిన. చానసేపు అడిగిన, జోకులు లేకుండ అడిగిన. ఆమె విన్నది.

"మీరు చెప్పేది నాకు అర్థమవుతోందండీ. కానీ మొదటి పేజీలోనే ఇది యంత్రం అని పెద్దగా రాస్తే, ఒళ్ళో ఎవరు పెట్టుకుంటారు? లోపల ఎక్కడైనా ఉండనివ్వండి. లీగల్ వాళ్ళకీ సరిపోతుంది."

సరే అన్న. ఇంకా గట్టిగ అనొచ్చు. పర్మనెంట్ అయిన మనిషిని, అనొచ్చు. అనలేదు.

కాగితాలు డిజైన్ చేసే పని నాకే వచ్చింది. ఎనిమిది పేజీల పుస్తకం. వైరు ఎట్ల పెట్టాలె, బట్ట ఎట్ల ఉతకాలె, గ్యారంటీ ఎన్ని రోజులు. ఆఖరి పేజీ కింద, కంపెనీ అడ్రసుకు పైన, ఒక లైను: ఇది ప్రాణం లేని యంత్రం. అక్షరం సైజు ఆరు. డెబ్బై ఏండ్ల కండ్లకు అది చీమల బారు. ఎనిమిది పెడితే లైను విరిగి పేజీ అందం పోతున్నది. ఆరు పెట్టింది నేనే.

పోయిన ఆదివారం కొట్టంల గడ్డి మోపు మీద కూసున్న. చిన్నమ్మ పాల చాయ్ ఇచ్చింది. చిన్నాయన పాలు పిండుకుంట అడిగిండు, "రాసినరా రా, ముసలోళ్ళకు?"

"రాసినం చిన్నాయనా."

"మంచి పని చేసినవ్" అన్నడు.

ఎంత పెద్దగ రాసినరని అడగలేదు. రాసినరంటే మనుషులు చదివేటట్టే రాస్తరని ఆయన అనుకుంటడు.